కాకి పేరు మీద ఒక అకౌంటు

మా వీధిలో వీడియోలు తీసేవాళ్ళు ఎక్కువైపోయారు. కేకులు చేసి చూపించే ఆవిడ ఒకరు, గోడలకి రంగులెలా వేయాలో చెప్పే పెయింటరు ఒకడు, పాత సైకిళ్ళు బాగుచేస్తూ లోకాన్నంతా తిట్టిపోసే ముసలాయన ఒకరు. అందరిదీ ఒకటే జబ్బు. ఫోన్‌లో ఏది కనపడితే దానికి చందా కట్టేస్తారు. అక్షరాలకొకటి, పాటలకొకటి, మొహం మీద మొటిమలు తుడిచెయ్యడానికొకటి. ఏది ఎందుకు తీసుకున్నారో నెల తిరిగేసరికి వాళ్ళకే గుర్తుండదు. పీకలదాకా వచ్చాక టైర్ల షాపు పక్కన మెట్లెక్కి మా పిన్ని దగ్గరికి వస్తారు.

పిన్ని కుట్టు మిషను మీంచి కాలు తీయకుండానే అడుగుతుంది. "ఇదేం చేస్తుంది?"

"చాలా చేస్తుందండీ."

"చాలా చేసేవాళ్ళని చాలామందిని చూశాన్లే. నా ముందు ఒక్క పని చేయించు."

ఆ ఒక్క మాటకే సగం చందాలు అక్కడికక్కడ రాలిపోతాయి. మిగిలిన వాటికి రెండో ప్రశ్న. "ఇది ఎవరి పేరు మీదుంది?" ఆ ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం మిషను ఆపుతుంది.

నేను దేనికీ నోరెళ్ళబెట్టే రకం కాదు. కంప్యూటరు పని ఎవరూ నేర్పకుండా, దొరికిన కంప్యూటర్లు పాడుచేస్తూ నేర్చుకున్నదాన్ని. పెద్దవాళ్ళంటే గౌరవం లేదని మా అమ్మ రోజూ అంటుంది. గౌరవం ఉంది, కాకపోతే నవ్వు ముందొచ్చేస్తుంది. అలాంటిదాన్ని, మా పిన్నిని చూసి ఒకరోజు తెరిచిన నోరు ఇంకా పూర్తిగా మూయలేదు. ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు పిన్ని సంగతి చెప్పాలి.

పెళ్ళికి ముందు పిన్ని బస్సు సీట్లకి కవర్లు కుట్టే షాపులో పనిచేసేది. షాపు గోడకి అవతల బస్టాండు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైకులో ఒకే గొంతు. ఆ గొంతు బస్సుల వేళలు చెప్పి ఊరుకునేది కాదు. "కిటికీ పక్క సీటు కోసం కొట్టుకుంటున్న ఇద్దరికీ మనవి. బస్సు కదిలాక కొట్టుకోండి, దారిలో కాలక్షేపం అవుతుంది," అనేది. పిన్ని నవ్వేది, కుట్టు వంకరపోయేది, ఓనరు అరిచేవాడు. ఒకరోజు అరుపులు ఎక్కువై, పిన్ని వంకరపోయిన కవరొకటి చంకన పెట్టుకుని నేరుగా మైకు గదిలోకి వెళ్ళి, "చూడండి మీ నిర్వాకం," అని బల్ల మీద పడేసింది. ఆ మనిషి కవరు తిప్పి చూసి, "ఈ సీటు నాకిచ్చెయ్యండి. నేనూ కొంచెం వంకరే," అన్నాడట.

ఆయనే మా బాబాయి. "అందరూ మనిషిని చూసి చేసుకుంటారు. మా చెల్లి మైకుని చూసి చేసుకుంది," అంటుంది మా అమ్మ.

మిగిలిపోయిన సీటు గుడ్డలతో పిన్ని చేతికి తొడుక్కునే బొమ్మలు కుట్టింది. బాబాయి వాటికి గొంతులిచ్చాడు. గోధుమరంగు రెక్సిన్‌తో ఎలుగుబంటి, పేరు గొణుగుడు. తెల్లటి తువ్వాలు గుడ్డతో కుందేలు, దాని పేరు తొందర. మెడ పొడుగు జిరాఫీ సాగదీత. నల్లసీటు చింపి కుట్టిన కాకి అబద్ధం, దాని నోట ఒక్క నిజం రాదు. పిల్లలు ఎగబడి చూశారు. టైర్ల షాపు మీద రెండు గదులు తీసుకున్నారు. ఒక గదిలో మిషను, గుడ్డల మూటలు. రెండో గదిలో బయటి చప్పుడు తగ్గడానికి గోడలనిండా గుడ్ల అట్టలు, ఒక బల్ల, బల్ల ముందు ఆకుపచ్చ గుడ్డ. బాబాయి బల్ల కింద కూర్చుంటే బొమ్మలు పైన ఆడేవి. కింద షాపులో టైరుకి గాలి కొట్టినప్పుడల్లా మేము కెమెరా ఆపి ఊపిరి బిగపట్టి కూర్చోవాలి.

కెమెరా నాది. కోతలు, అతుకులు చేసే ఎడిటర్ని పిన్ని కటింగ్ మాస్టర్ అంటుంది. నన్ను కోతీ అంటుంది. బొమ్మలు పిన్నిని సూదీ అంటాయి, ఎప్పుడు కనపడినా చేతిలో అదే ఉంటుంది కాబట్టి.

తర్వాత బాబాయికి గొంతులో గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి ముందు బాబాయి గుడ్ల అట్టల గదిలో తలుపేసుకుని, నాలుగు బొమ్మల చేతా నవ్వించాడు, ఏడిపించాడు, పలకరింపులన్నీ చెప్పించి రికార్డు చేసి దాచాడు. స్ట్రెచర్ మీద పడుకుని పిన్నితో చివరగా అన్న మాట: "నాది కూడా ఒకటి పెట్టానోయ్. తీరిగ్గా విందువుగాని."

పిన్నికి ఆ తీరిక దొరకలేదు. దొరకలేదనే చెప్పేది. నేను గుర్తు చేస్తే, "తీరిగ్గా అన్నారుగా, ఏం తొందర?" అని తప్పించుకునేది. ఇన్నేళ్ళ వీడియోల్లో ఎలుగుబంటి గొంతుంది, కాకి గొంతుంది. బాబాయి తన సొంత గొంతుతో మాట్లాడింది ఒక్క ముక్క లేదు. ఉన్నదల్లా ఆ ఒక్కటే. అది ఎక్కడుందో ఎవరూ అడగలేదు. బాబాయి పలక మీద రాసి మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. పాత కంప్యూటరు, అది గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లన్నిటితో సహా, ఆయన ఆసుపత్రిలో ఉండగానే కన్నుమూసింది.

అలా ఉండగా బ్యాంకు కబురు పంపింది. పాత కార్డు ఈ నెలాఖరుకి ఆగిపోతుంది, దానికి తగిలించిన చందాలన్నీ దాంతోపాటే ఆగిపోతాయి.

"మనకేం చందాలున్నాయి?" అంది పిన్ని.

కటింగ్ మాస్టర్ గొంతు సవరించుకున్నాడు. చెప్పడం మొదలెట్టాడు. ఆపలేదు. పిన్ని మిషను ఆపింది, కళ్ళజోడు తీసింది, తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"ఆగవయ్యా. వెనకాల రంగు తీసెయ్యడానికి మూడెందుకు?"

"ఒకటి జుట్టు బాగా కత్తిరిస్తుంది మేడమ్. ఇంకోటి నీడలు బాగా..."

"మన బొమ్మల్లో ఎవరికి జుట్టుంది?"

ఆయన నాకేసి చూశాడు. నేను బట్టతల ఎలుగుబంటి కేసి చూశాను.

"మా సీట్ల షాపులో ఆరుగురం కుట్టేవాళ్ళం. కత్తెర ఒక్కటే, గోడకి మేకు మీద ఉండేది. ఎవరికి కావాలన్నా అక్కడికే చెయ్యి చాపేవాళ్ళం. మీరేంటయ్యా, ఒక్కొక్కరు జేబులో నాలుగేసి కత్తెర్లు పెట్టుకుని, మళ్ళీ కత్తెరేదీ అని వెతుక్కుంటున్నారు!"

ఆ పూటంతా పరీక్షలే. ఒకే చిన్న వీడియో ముక్క ఇచ్చి, ప్రతి యాప్ చేతా ఆమె ఎదుటే పని చేయించాం. పని చేసింది ఉంది. "నేనుంటే మంచిది" అన్నదల్లా పోయింది. తన ముద్దుల యాప్ పోతున్నప్పుడు కటింగ్ మాస్టర్ మొహం చూడాలి, పళ్ళు పీకించుకుంటున్నట్టు పెట్టాడు. మిగిలిన గుప్పెడూ కొత్త కార్డుకి, అందరికీ తెలిసిన ఒకే మెయిల్‌కి మార్చేశాం. నలుగురం ఒకే అకౌంటులో పని చేసుకునే దారి మొదట్నుంచీ ఉందట. మేమే చూడలేదు.

చివరికి ఒకటి మిగిలింది, శబ్దాలు దాచుకునే కంపెనీ. దాని పేరు నాలుగుసార్లు వచ్చింది.

పిన్ని బాబాయి కేసి తిరిగింది. "ఏవండీ, నాలుగు దేనికి?"

బాబాయి పలక మీద రాశాడు: "ఎవరి గొంతు వాళ్ళ దగ్గరుండాలి కదా."

మనిషన్నవాడు చెయ్యని పని చేశాడు మా బాబాయి. ఎలుగుబంటి పేరున ఒక అకౌంటు, కుందేలు పేరున ఒకటి, జిరాఫీకొకటి, కాకికొకటి తెరిచి, ఎవరి నవ్వులు వాళ్ళ పేరు మీదే దాచాడు. నేను నవ్వాపుకోలేక నేల మీద కూలబడ్డాను. అల్లరిలో నాకు పోటీ లేదనుకునేదాన్ని. గురువుగారు ఇంట్లోనే ఉన్నారు.

పిన్ని నవ్వలేదు. "మీదెక్కడ పెట్టారు?" అంది.

బాబాయి సుద్దముక్క పలక మీద ఆనించి చాలాసేపు ఉంచాడు. మెల్లిగా రాశాడు: "వీళ్ళలో ఎవరిదాంట్లోనో. గుర్తులేదు."

కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. డబ్బు ఆగితే దాచినవి చెరిగిపోతాయి. కొత్త కార్డు తగిలించాలంటే లోపలికి వెళ్ళాలి, వెళ్ళాలంటే పాస్‌వర్డో, రహస్య ప్రశ్నకి జవాబో కావాలి. మూడుసార్లు తప్పితే ఆ అకౌంటు నెల రోజులు తెరుచుకోదు. నెలాఖరు ఆ వారంలోనే ఉంది.

"ఎవరి పేరు మీదుందండీ అకౌంటు?" అంది.

"ఎలుగుబంటి," అన్నాను.

"మేడమ్?"

"వద్దులెండి," అని పెట్టేశాను.

గొణుగుడు అకౌంటు తెరిస్తే ప్రశ్న వచ్చింది: మీరు చదివిన మొదటి బడి? బాబాయి తన బడి పేరు రాశాడు. తప్పు. పిన్ని బడి పేరు రాశాడు. తప్పు. మూడోది కొట్టబోతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు కోతీ. ఆయన్ని అడిగితే ఆయన బడే చెప్తారు. అకౌంటు ఆయనది కాదు కదా."

లేచి వెళ్ళి ఎలుగుబంటిని తెచ్చి బాబాయి చేతికి తొడిగింది. ఆపరేషన్ తర్వాత బొమ్మ ఆయన చేతికెక్కడం అదే మొదలు. బాబాయి చెయ్యి ఊరికే అలా ఉంది కాసేపు. పిన్ని వంగి, బొమ్మ కళ్ళలోకి చూసి, పక్కింటాయన్ని పలకరించినట్టు అడిగింది.

"ఏం గొణుగుడూ, కనపడట్లేదు ఈమధ్య? ఏ బళ్ళో చదివావు నువ్వు?"

ఎలుగుబంటి భుజాలు దిగిపోయాయి. తల అటు తిప్పుకుంది.

నేను బాబాయి మొహం చూశాను. ఆయన అక్కడ లేడు. ఉన్నదంతా ఆ రెక్సిన్ గుడ్డలోనే ఉంది. నోరు తెరిచి మూస్తోంది, చప్పుడు లేదు. కానీ ఆ విసుగు, ఆ సణుగుడు గదిలో మా అందరికీ వినపడింది. ప్రమాణం చేసి చెబుతున్నాను, వినపడింది.

"బడికి పోలేదా?" అంది పిన్ని. అడ్డంగా తలూపింది. "ఎందుకు పోలేదు? ఒంట్లో బాలేదా? బద్ధకమా?" ఎలుగుబంటి బల్ల మీద తల వాల్చేసింది. "ఓహో, నిద్రపోయావా!"

నేను "నిద్రపోయాను" అని కొట్టాను. తలుపు తెరుచుకుంది. కటింగ్ మాస్టర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, జాతీయగీతం వచ్చినట్టు.

లోపలంతా గొణుగుడు గొణుగుళ్ళే. బాబాయిది లేదు.

"ఇంకోటి చూడు," అంది పిన్ని.

కుందేలుని మొదటి ఉద్యోగం ఏదని అడిగితే, ప్రశ్న పూర్తికాకముందే ఆకుపచ్చ గుడ్డ వెనక్కి దూకి పారిపోయింది. "అబ్బా, తర్వాత చెప్తావా?" అంది పిన్ని దాని వెనకాలే. అదే జవాబు. జిరాఫీ పుట్టిన ఊరు చెప్పడానికి ఎంతసేపు తీసుకుందంటే మధ్యలో నేను టీ పెట్టుకుని తాగి వచ్చాను. మెడ సాచి సాచి ఇంటికప్పు కేసి చూస్తే, "పైనా?" అంది పిన్ని. పైనే.

రెండింట్లోనూ బాబాయి లేడు. ఒక్కో అకౌంటు తెరుచుకుంటుంటే నేనూ కటింగ్ మాస్టరూ గంతులేస్తున్నాం గానీ, పిన్ని పెదాలు బిగుసుకుంటున్నాయి. ఇక మిగిలింది కాకి.

అబద్ధం అకౌంటులో ప్రశ్న కంపెనీది కాదు. సొంతంగా రాసుకున్నది: నాకు అస్సలు పడని మనిషి ఎవరు?

బాబాయి కాకిని తొడుక్కున్నాడు. అది ఠక్కున కటింగ్ మాస్టర్ని చూపించింది.

"నేనేం చేశాను సార్?" అన్నాడాయన, నిజంగానే బాధపడి. కొట్టాం. తప్పు. కాకి ఈసారి నన్ను చూపించింది. "కోతి" అని కొట్టాను. అదీ తప్పే.

ఒక్క అవకాశం మిగిలింది. అది కూడా పోతే ఆ గొంతు నెలాఖరుకి చెరిగిపోతుంది. బాబాయి కాకిని తీసేసి పలక అందుకున్నాడు: "వదిలెయ్. మూడు దొరికాయిగా. చాలు."

పిన్ని ఆ పలకని తిరగేసి బల్ల మీద బోర్లించింది.

"మీకు చాలేమో. ఆ మూడూ నేను కుట్టినవి. నేను చేసుకున్నది వాటిని కాదు." కాకిని మళ్ళీ ఆయన చేతికి తొడిగింది. "మీరు పక్కన కూర్చుని ఆడిస్తుంటే అది సరిగ్గా అబద్ధాలాడట్లేదు. సిగ్గుపడుతోంది. కిందికి వెళ్ళండి."

బాబాయి ఆమెని చూశాడు. తర్వాత బుద్ధిగా వంగి, ఆకుపచ్చ గుడ్డ తొలగించుకుని బల్ల కింద కూర్చున్నాడు. కటింగ్ మాస్టర్ తలుపేశాడు. నేను చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, ఎక్కడ తగులుతుందో అని.

కాకి పైకొచ్చింది. ముక్కు పైకెత్తింది. రెక్క సవరించుకుంది. అదే పొగరు, అదే పాత దొంగ.

పిన్ని కుర్చీ లాక్కుని దానికెదురుగా కూర్చుంది.

"నీ ముక్కు ఎవరు కుట్టారే?"

కాకి తన రెక్కతో తన గుండెనే తట్టుకుంది. నేనే కుట్టుకున్నానంది.

"అబ్బో. నేను కాదా?"

కాదంది.

"నేనంటే నీకు పడదా?"

తల నిలువుగా ఊపింది. పడదు, పడదు, పడదు.

"నా మొహం చూడబుద్ధి కాదా?"

కాదంటూ రెక్కలు టపటపలాడించింది.

"పొద్దున లేస్తే నేనెదురు రాకూడదా? నా చేతి టీ విషమా? నేను పక్క గదిలోకి వెళ్తే నీకు హాయిగా ఉంటుందా?"

అన్నిటికీ అవును. అవునవునని ఊపీ ఊపీ కాకి ఎందుకో ఆగింది. బల్ల అంచుదాకా వచ్చి, పిన్ని అరచేతిలో ముక్కు పెట్టి కదలకుండా ఉండిపోయింది.

పిన్ని నా కేసి తిరగలేదు. "సూది అని కొట్టు," అంది.

కొట్టాను. నా జన్మలో అంత నెమ్మదిగా ఏదీ టైపు చెయ్యలేదు.

తెరుచుకుంది. కాకి నవ్వులు, కాకి ఏడుపులు, వాటి అడుగున ఒక ఫైలు. దాని పేరు "ఇందులో ఏమీ లేదు."

నొక్కాను.

ముందు కింద షాపులో గాలి కొడుతున్న చప్పుడు. కుర్చీ కిర్రుమంది. దగ్గు. తర్వాత బాబాయి, ఏ బొమ్మా లేని బాబాయి, మామూలు గొంతుతో.

"ఏం చెప్పాలో తెలీట్లేదోయ్. ఇన్నాళ్ళూ చెప్పాల్సిందంతా వీళ్ళచేత చెప్పించాను. నా అంతట నేను నీతో అనేది ఒక్కటే మాట, రోజంతా. అదే అంటాను. లెక్కపెట్టుకోకు."

ఆగాడు.

"ఏమోయ్."

అది తువ్వాలు మర్చిపోయి స్నానాల గదిలోంచి పిలిచే ఏమోయ్. తర్వాతది మెట్ల కిందనుంచి, చేతిలో సంచులతో. ఇంకోటి కళ్ళజోడు దొరకనప్పటిది. ఒకటి కూరలో ఉప్పు లేదని మెల్లగా మొదలెట్టేది. ఒకటి కోపంది. ఒకటి ఆ కోపం తగ్గాక, ముందు తనే మాట్లాడాల్సొచ్చినప్పటిది. జ్వరం ఏమోయ్. జోకు చెప్పబోయే ముందు ఏమోయ్. ఒక్క మాట! ఇంటికి ఎన్ని గదులుంటాయో అన్ని గదులున్నాయి ఆ మాటకి. నేను మైకులు, ఫిల్టర్లు, శబ్దాన్ని ఎలా కావాలంటే అలా మెలితిప్పే సరంజామా అంతా తెలిసినదాన్ని. ఒక మనిషి గొంతులో ఇంత చోటుంటుందని నాకు తెలియదు.

అంతకంటే వింత ఏమిటంటే, ప్రతి ఏమోయ్‌కీ పిన్ని పలికింది.

"ఆఁ." "వస్తున్నా." "అల్మరాలో చూడండి." "మళ్ళీ ఏంటి?" "ఉప్పు మీ ముందే ఉంది." "చెప్పండి, వింటున్నా."

దేనికి ఏ జవాబో ఆమెకి తెలుసు. ఒక్కటి కూడా వదల్లేదు. బల్ల కింద బాబాయి ఉన్నాడు, పైన కాకి ముక్కు ఆమె చేతిలోనే ఉంది. ఫైలు అయిపోయింది. కింద షాపులో ఈసారి నిజంగానే ఎవరో టైరుకి గాలి కొట్టారు.

కటింగ్ మాస్టర్ గోడవైపు తిరిగి గుడ్ల అట్టల్ని పరీక్షగా చూస్తున్నాడు. నాకు ఒక జోకు తట్టింది గానీ, మింగేశాను.

బాబాయి బల్ల కిందనుంచి మోకాళ్ళు పట్టుకుంటూ లేచాడు. పలక వెతుక్కుని రాశాడు: "రెండోసారి విన్నా అంతే బావుంటానా?"

"ముందు పని," అంది పిన్ని, ముక్కు ఎగబీల్చి. "కోతీ, నాలుగిళ్ళలో ఉన్నవన్నీ ఒక్కచోటికి తే. మన నలుగురికీ తాళం ఉండాలి. తర్వాత ఈ కంపెనీకి నమస్కారం పెట్టు."

తెచ్చాను. గొణుగుళ్ళూ నవ్వులూ ఏమోయ్‌లూ మా అందరి అకౌంటులోకి వచ్చి చేరాయి. ఒక్కొక్కటీ వినపడుతోందో లేదో పిన్ని పక్కనే నిలబడి చూసుకుంది. అప్పుడే మూసెయ్యడానికి ఒప్పుకుంది. మూసేముందు కంపెనీ ఊరుకుంటుందా, అడిగింది: మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారు? కారణం రాయండి.

"ఏం రాయను పిన్నీ? ఖరీదెక్కువనా? సేవ బాలేదనా?"

"పాపం, వాళ్ళనేం అనకు. ఇన్నాళ్ళూ దాచిపెట్టారు." పిన్ని కాసేపు ఆలోచించింది. "మావాళ్ళందరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు అని రాయి."

రాశాను. కింద సంతకం అడిగితే, బాబాయి కాకి ముక్కుతో కీబోర్డు మీద పొడిచాడు.